లప్పము క్రింది తుప్పు

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 24:6–13; లేవీయకాండము 14:33–53



యెహెజ్కేలు ప్రవక్త చెప్పిన ఉపమానములలో మన స్త్రీలకు వెంటనే బోధపడునది పాత్రను గూర్చిన ఉపమానము. బబులోను రాజు యెరూషలేమును ముట్టడింప మొదలుపెట్టిన దినముననే, అనగా క్రీస్తుకు పూర్వము సుమారు 588వ సంవత్సరమున, ఆ మాట ప్రవక్తకు వచ్చెను. పొయ్యిమీద లోహపు పాత్ర పెట్టి, నీళ్లు పోసి, ఏరి ఏరి మంచి మాంసపు ముక్కలు వేసి ఉడికించిరి. దూరమునుండి చూచినవారికి అది విందు జరుగబోవు ఇల్లు. అయితే పాత్ర లోపల మడ్డి పట్టియున్నది. మన తెలుగు బైబిలులో మడ్డియని యున్న ఆ మాటను ఇతర భాషల తర్జుమాలు కొన్ని తుప్పు అని వ్రాసినవి. లోపల అది యుండగా వేసిన మాంసము ఎంత మంచిదైనను ఏమి ప్రయోజనము? ముక్కలన్నియు బయటికి తీసివేసి, వట్టి పాత్రను నిప్పులమీద పెట్టి ఎర్రబారువరకు కాల్చవలసి వచ్చెను. అప్పటికిని ఆ మడ్డి వదలలేదు. దేవుడు శుద్ధిచేయ గోరినను ఆ పట్టణము శుద్ధి కానొల్లకపోయెననుటయే ఆ అధ్యాయములోని దుఃఖము.

ఇత్తడి బిందెను చింతపండు వేసి తోము తల్లులకు ఇంతకంటె వివరము అక్కరలేదు. పురుషులకు బోధపడవలెనన్న యెడల మార్కాపురములోనో గిద్దలూరులోనో కంభములోనో ఏదైన ఒక టింకరింగు షెడ్డు ఎదుట అరగంట నిలువబడవలెను. మన సంఘముల యౌవనస్థులు అనేకులు నేడు ఆ షెడ్లలోనే జీవనము చేయుచున్నారు. కారులు, జీపులు, ఆటోలు, పలకల రాయి మోయు లారీలు అక్కడికి వచ్చును. సొట్టలు తీయుట, చివికిన రేకు కోసి అతుకు వేయుట, రంగు వేయుట వారి పని. ఈ నెల మన ధ్యానము ఆ పనిని గూర్చియే.

ఇనుము, నీరు, గాలి ఈ మూడును కలిసిన చోట తుప్పు పుట్టును. మూడింటిలో ఒకటి లేకున్న అది పుట్టదు. కారు దేహమునకు వాడు రేకు ఒక మిల్లీమీటరు మందమైనను ఉండదు. దానికి రంగు గట్టిగా పట్టియున్నంత కాలము నీరు లోనికి చొరదు. రంగు చిట్లిన చోట ఒక్క చుక్క దిగిన చాలును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండింతలకు పైగా స్థలమును ఆక్రమించును గనుక, పైనున్న రంగును ఎత్తివేసి పొక్కు చేయును. ఆ పొక్కు క్రిందికి మరి కొంత నీరు చేరును. ఇట్లు అది తనకు తానే త్రోవ చేసికొనుచు పోవును. బయట పావలా బిళ్లంత మచ్చ కనబడిన నాటికి లోపల అరచేతి మేర రేకు పోయియుండుట తరచుగా జరుగును.

మనది వాన లేని సీమ, ఇక్కడ తుప్పు ఎక్కడనుండి వచ్చునని కొందరు అడుగుదురు. అడుగదగిన మాటే. మే నెలలో మన ఊళ్లలో రేకుమీద చెయ్యి పెట్టలేము. అయితే తుప్పుకు చెరువెడు నీరు అక్కరలేదు. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటినప్పుడు ఇనుము త్వరగా చెడుటకు మొదలుపెట్టును. అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలు మనకును వచ్చును. చలికాలపు రాత్రి రేకు చల్లబడగా డోరు లోపలి గాలిలోని తేమయే మంచువలె దానికి అంటుకొనును. అంతేకాక మన బోరు నీటిలో ఉప్పదనము హెచ్చు. ఆ నీటితో బండి కడిగి ఎండకు నిలిపినప్పుడు నీరు ఆవిరియైపోయి ఉప్పు మూలలలో మిగిలిపోవును. ఉప్పు, ధూళి కలిసిన ఆ బురద తేమను పట్టుకొని కూర్చుండును. ఎడారివంటి చోటనైనను కారు డోరు అడుగున ఒక చిన్న చెలమ దాగియుండవచ్చును.

మన ప్రాంతములో ఒక సంఘమునకు పాత జీపు ఒకటి యుండెను. ఊరి పేరు అక్కరలేదు. డోరుల అడుగు అంచులును, కాళ్లు పెట్టు చోటి రేకును చివికిపోయినవి. క్రిస్మసుకు రెండు వారములున్నవనగా దానిని ఒక షెడ్డులో ఇచ్చిరి. చెడిన భాగము కోసి క్రొత్త రేకు అతుకుటకు పది దినములు పట్టును, ఖర్చును ఎక్కువ. పైన దళసరిగా లప్పము పెట్టి, నున్నగా రుద్ది, రంగు కొట్టుటకు రెండు దినములు చాలును. ఆ షెడ్డువారు రెండవదియే మంచిదని చెప్పిరి. పండుగనాడు జీపు కొంగవలె తెల్లగా మెరిసెను. సండే స్కూలు పిల్లలు దానిలో ఎక్కి పాడుచు పేటలన్నియు తిరిగిరి. చూచినవారందరు సంతోషించిరి.

మరుసటి సంవత్సరము వానలు పడగా డోరు క్రింది భాగమున తట్టు పోసినట్లు పొక్కులు లేచెను. డ్రైవరు బొటనవ్రేలితో ఒకదానిని నొక్కగా వ్రేలు లోనికే దిగిపోయెను. ఈ మారు దానిని వేరొక మేస్త్రీ దగ్గరకు తీసికొనిపోయిరి. ఆయన క్రైస్తవుడు కాడు, వయస్సు చెల్లినవాడు. లప్పము పెళ్లలు పెళ్లలుగా ఊడదీసి చూపించెను. దాని వెనుక రేకు తడిసిన అట్టవలె యుండెను. ఆయన చెప్పిన మాట ఇది: “అయ్యగారూ, ఈ లప్పం పెట్టకుండా వదిలేసినా ఈ రేకు ఇంకో మూడేళ్లు నిలబడేది. బొక్క ఉంటే ఎండ తగిలి ఆరేది. మూసేశారు గనక లోలోపలే తినేసింది.”

ఈ మాటను మీరు ఒకటికి రెండు మారులు ఆలోచింపవలెనని కోరుచున్నాను. తెరచియున్న రంధ్రముకంటె మూసిన రంధ్రము రేకునకు ఎక్కువ కీడు చేసెను. లప్పము చెడ్డ వస్తువు కాదు. శుభ్రమైన రేకుమీద చిన్న సొట్టను సమము చేయుటకు అది ఏర్పడినది. అయితే దానిలో మెత్తని పిండిరాయి పొడి కలిసియుండుటవలన అది నీటిని పీల్చుకొనును. తుప్పుమీద పెట్టిన లప్పము ఒక తడిగుడ్డ వంటిది. వాహనము అడుగున తుప్పు గీకకయే నల్లని తారు పూత దట్టముగా పూయువారును ఇదే పని చేయుచున్నారు. పూత బిగిసి చీలిన తరువాత ఆ చీలికలో దూరిన నీరు మరి బయటికి రాదు. పాత కారులు కొనుటలో ఆరితేరినవారు జేబులో చిన్న అయస్కాంతము పెట్టుకొని పోవుదురు. మంచి రేకునకు అది ఠక్కున అంటుకొనును. దళసరి లప్పమున్న చోట జారి పడిపోవును. రంగు కంటిని మోసగించును గాని అయస్కాంతమును మోసగింపలేదు.

ఇప్పుడు లేవీయకాండము 14వ అధ్యాయమునకు రండి. ఈ భాగముమీద ప్రసంగములు వినుట అరుదు. కుష్ఠును గూర్చిన ధర్మశాస్త్రమంతయు పాత కాలపు సంగతియని మనము దాటిపోవుదుము. అయినను అక్కడ ఇంటి గోడకు పట్టిన పొడను గూర్చి దేవుడు చెప్పిన పద్ధతి చూడుడి. పచ్చగానో ఎర్రగానో పల్లము పడిన మచ్చలు గోడలో కనబడినప్పుడు ఇంటివాడు తానే పోయి యాజకునితో చెప్పవలెను. యాజకుడు వచ్చి చూచి, ఇంటిని ఏడు దినములు మూసియుంచి, మరల వచ్చి చూడవలెను. పొడ వ్యాపించినదా, ఆ పట్టిన రాళ్లను ఊడదీయించి ఊరి వెలుపల పారవేయించవలెను. లోపలి గోడలన్నియు గీయించి ఆ పెళ్లలను అవతల పోయించవలెను. అటు తరువాతనే వేరు రాళ్లు, వేరు అడుసు. ఎంత క్రమముగా యున్నదో చూచితిరా? గీకక మునుపు పూతలేదు. మచ్చమీద మట్టి మెత్తి రండని దేవుడు ఎన్నడును చెప్పలేదు. అట్లు చేసిన ప్రవక్తలను యెహెజ్కేలు 13వ అధ్యాయములో గద్దించెను. వారు బలహీనమైన గోడకు సున్నము కొట్టువారు. వడగండ్లు పడినప్పుడు గోడయు పడును, సున్నము కొట్టినవాడును దాని క్రింద పడును.

ఆ వృద్ధ మేస్త్రీ జీపును బాగుచేసిన విధము మోషేకు ఇచ్చిన పద్ధతికి ఎంత దగ్గరగా యున్నదో అని నేను ఆశ్చర్యపడితిని. మొదట ఆయన లోపలి చాపలు, రబ్బరు పరుపులు అన్నియు పీకివేసి ఎండలో వేయించెను. వాటి క్రింద తేమ నెలల తరబడి నిలుచును. తరువాత తుప్పు పట్టిన రేకును, కంటికి చెడుగా కనబడు అంచువరకు గాక, సుత్తితో కొట్టినప్పుడు గట్టి ధ్వని వచ్చు మంచి ఇనుము వరకు కోసివేసెను. క్రొత్త రేకు కొలతకు కోసి వెల్డింగు చేసెను. రేకుమీద రేకు ఎక్కించి అతికినయెడల రెండింటి నడుమ సందు మిగిలి నీరు పట్టునని, వీలైనంతవరకు అంచుకు అంచు చేర్చెను. చేర్చలేని చోట రెండు రేకుల నడుమ జింకు కలిసిన ప్రైమరు ముందే పూసి తరువాత అతికెను. గుంటలలో మిగిలిన తుప్పు చుక్కలకు ఫాస్ఫారిక్ ఆమ్లము పూసి, అది పని ముగించిన పిదప కడిగి బాగుగా ఆరబెట్టెను. శుభ్రము చేసిన రేకును వట్టి చేతితో ముట్టనియ్యలేదు. చేతి చెమటలోని ఉప్పుకు రాత్రికి రాత్రే వ్రేళ్ల గుర్తులు ఎర్రగా తేలునట. మబ్బు పట్టిన దినమున రంగు పని ముట్టలేదు. ఎపాక్సీ ప్రైమరు ముందు, దానిమీద పలుచగా లప్పము, దానిమీద మరల ప్రైమరు, కడపట రంగు. వెల్డింగు వేడికి లోపలి వైపున ఉన్న పాత రంగు కాలిపోవును గనుక, ఎవరును చూడని ఆ వెనుక భాగమునకు కూడ ప్రైమరు వేసి, డోరు బోలు భాగమంతయు మైనము కలిసిన నూనెను చిమ్మించెను. పని మొత్తములో ఎక్కువ భాగము లోపలి వైపుననే జరిగెను.

మన సంఘములలో సమాధానము చేయు పద్ధతి ఈ రెండు షెడ్లలో దేనివలె యున్నది?

రెండు కుటుంబములకు చందా లెక్క విషయములో తగవు వచ్చును. ఒకరు ఎడమ వైపున, ఒకరు కుడి వైపున కూర్చుందురు. ఒకరి ఇంటి పెండ్లికి మరియొకరు పోరు. ప్రభువు బల్ల ఆదివారము దగ్గరకు రాగా పెద్దలు శనివారము సాయంత్రము ఇరువురిని పిలిపించి, చెయ్యి చెయ్యి కలిపించి, ప్రార్థన చేసి, టీ ఇప్పించి పంపుదురు. పుస్తకము తెరచినవారు లేరు. ఎంత సొమ్ము, ఎవరి చేతిలోనికి పోయెను, ఎప్పుడు తిరిగి వచ్చునని అడిగినవారు లేరు. అడిగిన యెడల సంఘము పేరు చెడునని భయము. ఆదివారము బల్ల చుట్టు అందరు కనబడుదురు, పాస్టరుగారు స్తోత్రము చేయుదురు. ఒక సంవత్సరము గడచిన తరువాత శ్మశానము దగ్గరనో సర్పంచి ఎన్నికలలోనో ఆ పొక్కు పగులును. అప్పటికి అది ఇద్దరి తగవు కాదు, పేట అంతయు రెండు ముక్కలై యుండును. జనుల గాయమును పైపైన మాన్పి, లేని సమాధానమును ఉన్నదని చెప్పువారిని యిర్మీయా 6:14లో దేవుడు తప్పుపట్టినది ఇందుకే. జక్కయ్య యేసుకు విందు చేసి ఊరకుండలేదు. నిలువబడి, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని లెక్క చెప్పెను. రక్షణ ఆ ఇంటికి వచ్చెనను మాట ఆ లెక్క తరువాత వచ్చినది.

మరియొక సంగతి కలదు. ఇది వ్రాయుట పెద్దలకు కొందరికి రుచింపదేమో, అయినను వ్రాయవలెను. త్రాగి వచ్చి భార్యను కొట్టువాడు మన సంఘములలోను ఉన్నాడు. ఆ పిల్ల దెబ్బలతో పుట్టింటికి వచ్చినప్పుడు పెద్దలు కూర్చుండి, “సర్దుకొని పో తల్లీ, దేవుడు చూచుకొనును” అని రెండు వాక్యములు చదివి బస్సు ఎక్కించుదురు. అల్లుడు తల వంచుకొని కూర్చున్నందున మారుమనస్సు పొందెనని నమ్ముదురు. అతని త్రాగుడును గూర్చి ఏర్పాటు లేదు. రేపు మరల కొట్టినయెడల ఆమె ఎవరి ఇంటికి పోవలెనో చెప్పినవారు లేరు. వాక్యమును లప్పముగా వాడుట ఇది. దేవుని మాట పేరట ఆ పిల్ల నోరు మూసి పంపినప్పుడు, ఎండ తగిలి ఆరవలసిన గాయమును మనమే కప్పివేసిన వారమైతిమి. కడపట ఏదైన జరిగినప్పుడు, అట్టి ఇల్లు అని ఎవరికి తెలియునని ఆశ్చర్యపడుదుము. అందరికిని తెలియును. అల్లుడు నిజముగా మారెనో లేదో చూచుటకు ఏడు దినములు కాదు, ఏడు నెలలైనను కనిపెట్టుడి. అంతవరకు ఆ పిల్ల తన తల్లి దగ్గర ఉండుట పాపము కాదు.

దావీదు కూడ మొదట లప్పమే పెట్టెను. ఊరియాను యుద్ధమునుండి పిలిపించి ఇంటికి పొమ్మనుట ఒక పూత. అది పట్టకపోగా యోవాబుకు ఉత్తరము వ్రాయుట రెండవ పూత. ఆ విధవరాలిని ఇంటికి తెచ్చుకొనుట మూడవ పూత, అది చూచుటకు దయవలె కూడ నుండెను. బిడ్డ పుట్టువరకు అంతయు నున్నగా మెరిసెను. ఆ నెలలలో తన లోపల ఏమి జరిగెనో 32వ కీర్తనలో తానే చెప్పెను. మౌనముగా నున్నంత కాలము తన ఎముకలు క్షీణించెననియు, తన సారము వేసవి ఎండలో వలె ఎండిపోయెననియు దాని భావము. రేకును తేమ పాడుచేయుచుండగా మనుష్యుని విషయములో ఆ దాచిన పాపమే తేమనంతయు పీల్చివేయుట విచిత్రము. నాతాను వచ్చి గీకినప్పుడు రాజు ఒక్క మాటలో ఒప్పుకొనెను. ఆ గీకుడు నొప్పి కలిగించెను గాని అతని ప్రాణము నిలిచెను.

ఇట్లు చెప్పగా సంఘములో కొందరికి ఉత్సాహము ఎక్కువగును. ఎవరి తుప్పు ఎక్కడ యున్నదో వెదకి సుత్తితో కొట్టుటకు బయలుదేరుదురు. మేస్త్రీ చేసిన ఒక పని వారు గమనింపవలెను. ప్రతి డోరు అడుగునను, గుమ్మము క్రింది బోలు భాగమునను, తయారుచేసినవారే చిన్న రంధ్రములు పెట్టియుందురు. అద్దము ప్రక్కనుండి దిగు వాన నీరు వాటిగుండా కారిపోవలెను. అనగా నీరు లోనికి రానే రాదని వారు అనుకొనలేదు. వచ్చును, వచ్చినది నిలువకుండ పోవలెనని వారి తలంపు. ఎర్రమట్టి, పలకల రాయి పొడి చేరి మనవైపు బండ్లలో ఆ రంధ్రములు పూడిపోవును. మేస్త్రీ ఒక తీగతో వాటిని తెరచి, నెలకొకసారి చూచుకొమ్మని డ్రైవరుకు చెప్పెను. ఆ రంధ్రము ఎక్కడ యున్నది? బానెట్టుమీద కాదు, అందరు చూచు చోట కాదు. అడుగున, సన్నగా, ఒదిగి యున్నది. మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన మొదటి మెట్టు అదియే. తప్పు చేసిన సహోదరునితో నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు మాటలాడుము. అతడు వినిన యెడల ఊరిలో మూడవవానికి తెలియనక్కరలేదు. అది కుదరనప్పుడే ఇద్దరు ముగ్గురు, ఆ పిమ్మటనే సంఘము. మైకు పెట్టి ఒకరి పాపము చదువుట బానెట్టుకు బెజ్జము వేయుట. సూర్యుడు అస్తమించువరకు కోపము నిలువనియ్యవద్దని పౌలు ఎఫెసీయులకు వ్రాసినప్పుడు, విశ్వాసికి కోపమే రాదని చెప్పలేదు. సాయంత్రమునకు అది కారిపోవలెను.

ఢిల్లీలో కుతుబ్ మీనారు దగ్గర నున్న ఇనుప స్తంభమును గూర్చి మీరు పాఠములలో చదివియుందురు. సుమారు 1,600 ఏండ్లనాటిది, దాదాపు 6 టన్నుల బరువు. దాని ఇనుములో భాస్వరము పాలు ఎక్కువగుటచేత పైన ఒక పలుచని పొర ఏర్పడి కాపాడినదని లోహశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎండకు, గాలికి, వానకు నిలిచిన భాగము చెక్కుచెదరలేదు. అయితే 1961లో త్రవ్వి చూచినప్పుడు భూమిలో పాతియున్న భాగమునకు తుప్పు పట్టియుండెను. ఇనుము ఒక్కటే, కాలము ఒక్కటే. వెలుతురులో నున్నది నిలిచెను, తేమలో మూసియున్నది చెడెను.

తడి ఆరువరకు కనిపెట్టుట కష్టము. లప్పము పెట్టిన తరువాత నీళ్లు చల్లుచు వాటరు పేపరుతో రుద్దుదురు. ఆ నీరు లప్పములోనికి ఇంకును. పైన పొడిగా కనబడినను లోపల ఆరియుండదు. గిరాకివాడు తొందరపెట్టగా వెంటనే రంగు కొట్టినయెడల ఆ తడి రంగు క్రింద బందీయగును, వేసవి వేడికి పొంగును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరు వైపు వీధులు మునిగినప్పుడు వేలకొలది బండ్లు నీటిలో నిలిచినవి. అట్టి బండ్లను పైన కడిగి తుడిచినంత మాత్రమున చాలదు. లోపలి బోలు భాగములలో ఒండ్రు నిలుచును, దానిని కడిగి ఆర్పకయే రంగు వేసిన ప్రతివాడు తరువాత మరల షెడ్డుకు రావలసినవాడే.

ఆత్మీయ కార్యములో ఇట్లు కనిపెట్టినవారు మన ప్రాంత చరిత్రలోనే యున్నారు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరవు నాళ్లలో ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్న జనులకు కూలి పని చూపించెను. వేలమంది బాప్తిస్మము అడిగిరి. అన్నము కొరకు వచ్చిరో ప్రభువు కొరకు వచ్చిరో తెలియదని, సహాయపు పని జరుగుచున్నంత కాలము, ఒక సంవత్సరమునకు పైగా, ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నమును మాత్రము నిలుపలేదు. పని ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని తెలిసిన తరువాతను జనులు వచ్చి అడిగిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన కంభము చెరువును నింపు ఆ నదియే. గిద్దలూరు వైపు సంఘములకు వేరొక మిషను చరిత్ర యున్నను ఈ సంగతి వారికిని పనికివచ్చును. సంఖ్య గొప్పదని మనము చెప్పుకొందుము గాని, ఆ సంఖ్యకు ముందు ఆయన ఆరనిచ్చిన మాసములు అంతకంటె గొప్పవని నా తలంపు.

జింకును గూర్చి చెప్పక ముగింపలేను. నేటి కారులలో అనేకమునకు రేకుమీద జింకు పూత యుండును. రంగు గీసుకొనిపోయి ఇనుము బయటపడినను, ప్రక్కనున్న జింకు తుప్పును తనమీదికి తీసికొని తాను తరుగుచు ఇనుమును కాపాడును. వాడల అడుగున జింకు దిమ్మెలు బిగించుట కూడ ఇందుకే. ఆ దిమ్మె సముద్రములో కరిగిపోవును, వాడ నిలుచును. మరియొకరి నాశనమును తనమీద వేసికొనుట లోహములలో కూడ వ్రాయబడియుండుట చూచినప్పుడు యెషయా 53వ అధ్యాయము జ్ఞాపకము వచ్చును. పోలిక కొంతవరకే పోవును. జింకు ఒకనాటికి అయిపోవును, మరల పూయవలెను. మన ప్రభువు ఒక్కసారియే అర్పింపబడెనని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. అయితే షెడ్డులో తెలిసికొనవలసినది మరియొకటి కలదు. మరమ్మతు చేయునప్పుడు గ్రైండరు ఆ జింకును కూడ గీకివేయును. దానిని మరల పూయక వట్టి రంగు వేసినయెడల బాగుచేసిన చోటు మునుపటికంటె బలహీనమగును. పాపము గీకుట మాత్రము జరిగి, గీకిన చోట క్రీస్తు ప్రేమను పూయకుండ విడిచిన మనుష్యుని నేను చూచితిని. సంఘములో శిక్ష పొంది వెనుక బెంచీమీద కూర్చున్న ఆ మనుష్యునితో ఆరు నెలలు ఎవరును మాటలాడలేదు. అతడు ఇప్పుడు ఏ సంఘమునకును పోవుట లేదు.

షెడ్లలో పనిచేయు మన యౌవనస్థులకు ఒక మాట. జింకు పూసిన రేకును వెల్డింగు చేయునప్పుడు వచ్చు పొగకు జ్వరము తగులును. రెండు డబ్బాలు కలిపి పిచికారీ చేయు రంగులలో ఊపిరితిత్తులను పాడుచేయు మందు ఉండును. మూతికి చేతిరుమాలు కట్టుకొనిన చాలదు, తగిన ముసుగు అడిగి పెట్టించుకొనుడి. తల్లిదండ్రులు కూడ యజమానితో ఈ మాట చెప్పవలెను.

లేవీయకాండములోని ఆ ఇంటికి ఏమి జరిగెను? రాళ్లు మార్చి, గోడ గీసి, క్రొత్త అడుసు పూసిన తరువాత యాజకుడు మరల వచ్చి చూడవలెను. పొడ మరల పుట్టినయెడల ఆ ఇల్లు పడగొట్టవలసినదే. దానిలో దాచుటకు వీలులేదు. పుట్టనియెడల ఇల్లు పవిత్రమని యాజకుడు చెప్పి రెండు పిట్టలను తెప్పించును. పారు నీటిపైన ఒకదానిని మంటి పాత్రలో వధించి, దాని రక్తముతోను ఆ నీటితోను ఇంటిమీద ఏడుమారులు ప్రోక్షించును. రెండవ పిట్టను చేతిలో పట్టుకొని ఊరు దాటి బయటికి పోయి, పొలముమీద ఎగురవిడుచును.